26వ తీగ ఎక్కడికి పోయింది?

పోయిన వేసవిలో మా మాస్టారి నుంచి ఫోను వచ్చింది. ఎమ్మెస్సీలో నా ప్రాజెక్టుకు ఆయనే గైడు. రిటైరై చాలా ఏళ్లయింది. ఆయన పరిశోధన రోజుల్లో వాడిన పీసీ ఎక్స్‌టీ తరహా కంప్యూటర్ ఇప్పటికీ ల్యాబులో ఓ మూలన ఉంది. దాన్ని కండెమ్ చేసి వేలం వేయబోతున్నారని ఆయనకు తెలిసింది. దాని పక్కనే ఒక అట్టపెట్టెలో 23 ఫ్లాపీలు. "తూకానికి వేసేలోపు వాటిల్లో ఏముందో చూడగలవా?" అని అడిగారు.

ఏముందో ఆయనకు తెలుసు. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ కొన్ని స్ఫటికాల రోధక స్థిరాంకం ఎలా మారుతుందో ఏళ్ల తరబడి కొలిచిన అంకెలు. పత్రికల్లో అచ్చయిన పేపర్లలో ఉన్నవి గ్రాఫులే. అవీ తపాలా బిళ్లంత. ఇప్పుడు అదే పదార్థం మీద పనిచేస్తున్న ఒక విద్యార్థినికి తన కొలతలతో పోల్చుకోవడానికి అసలు అంకెలు కావాలి. అవి ఆ ఫ్లాపీల్లో తప్ప మరెక్కడా లేవు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డిస్కును బీరువాలో ఎంత జాగ్రత్తగా దాస్తామో, దాన్ని చదివే యంత్రం వైరింగ్ వివరాలనూ అంత జాగ్రత్తగా దాచాలి. పరిశోధన ఫలితాల్లో అవీ భాగమే. మన విశ్వవిద్యాలయాలు ఈ సంగతిని పట్టించుకోవడం లేదు. ఒక మామూలు రిబ్బన్ కేబుల్ నా చేత వారం రోజులు నీళ్లు తాగించాక ఈ మాట అంటున్నాను.

కంప్యూటర్ మూత తీసేసరికి దుమ్ము ఒక పొరగా లేచింది. లోపల 360 కేబీ ఫ్లాపీ డ్రైవులు రెండు, ఒక హార్డ్ డిస్కు. ఈ 360 అనే అంకె ఎలా వచ్చిందో చూడండి: డిస్కుకు రెండు ముఖాలు, ముఖానికి 40 వలయాలు, వలయానికి 9 ముక్కలు, ముక్కకు 512 బైట్లు. అన్నీ గుణిస్తే 3,68,640 బైట్లు. ఈ రోజు ఫోనుతో తీసే ఒక్క ఫొటో అందులో పట్టదు. మాస్టారి ఏళ్ల శ్రమ మాత్రం 23 డిస్కుల్లో సరిపోయింది.

ల్యాబు అటెండరు నా వెనకే నిలబడి చూస్తున్నాడు. "మంచిగనే నడిచేది సార్. మధ్యల ఎవరో వచ్చి లోపలి పట్టీ మార్చిన్రు. అప్పటిసంది గిట్లనే" అన్నాడు. నేను తలూపి నా పనిలో పడ్డాను. ఆ మాట అప్పుడే చెవిన వేసుకుని ఉంటే నాకు నాలుగు రోజులు మిగిలేవి.

ముందు కరెంటు సంగతి చూశాను. డ్రైవుకు వచ్చే నాలుగు తీగల ప్లగ్గులో ఒకటి 12 వోల్టులు, ఒకటి 5 వోల్టులు, మధ్యలో రెండు గ్రౌండు. మోటారుకు 12, చిప్పులకు 5. పసుపు అంటే 12, ఎరుపు అంటే 5 అని వాడుక ఉంది గానీ, ముప్పై ఏళ్లలో ఎందరు చేతులు పెట్టారో తెలియని యంత్రంలో రంగును నమ్మకూడదు, మీటరు పెట్టి కొలవాలి. ఆ తర్వాత వచ్చిన మూడున్నర అంగుళాల డ్రైవుల చిన్న ప్లగ్గులో ఈ వరస తలకిందులుగా ఉంటుంది, 5 ఉండేచోట 12. అడాప్టరు తప్పుగా కడితే చిప్పులు పొగైపోతాయి. నా అదృష్టం, వోల్టేజీలు సరిగానే ఉన్నాయి. రీడింగ్ హెడ్డులను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచాను. హార్డ్ డిస్కు మూలుగుతూ తిరిగి, తెర మీద డాస్ ప్రాంప్టు వచ్చింది.

ఎ డ్రైవును అడిగితే ఉలుకూ పలుకూ లేదు. బి డ్రైవును అడిగితే రెండు డ్రైవుల దీపాలూ ఒకేసారి వెలిగాయి.

ఇక్కడ ఆ కేబుల్ గురించి కాస్త చెప్పుకోవాలి. 1976లో షుగార్ట్ సంస్థ తెచ్చిన ఎస్ఏ400 అనే డ్రైవుతో అయిదుంపావు అంగుళాల ఫ్లాపీ మొదలైంది. దానికి వాడిన 34 తీగల ఏర్పాటే చిన్న చిన్న మార్పులతో పరిశ్రమ అంతటికీ వాడుకగా నిలిచిపోయింది. 34 తీగల్లో బేసి సంఖ్యవన్నీ గ్రౌండు. సరి సంఖ్యవి సంకేతాలు. అంటే ప్రతి రెండు సంకేతాల నడుమా ఒక గ్రౌండు తీగ కాపలా ఉంటుంది. పక్కపక్కన నడిచే తీగల్లో ఒకదానిలోని వేగమైన మార్పు రెండో దానిలోకి తొంగిచూడకుండా అదే ఆపుతుంది. డిగ్రీలో ప్రేరణ, కెపాసిటెన్సు చదివిన వారెవరైనా ఈ చవకైన ఉపాయాన్ని మెచ్చుకుంటారు.

ఇందులో సంకేతాలు తలకిందులు. తీగ వోల్టేజీ సున్నాకు దిగితే "అవును" అని అర్థం. అందుకే కనెక్టర్‌ను తిరగేసి గుచ్చితే సంకేతాల తీగలన్నీ గ్రౌండు మీద పడి, డ్రైవుకు అన్నీ "అవును" అనే వినిపిస్తాయి. దీపం వెలిగి ఇక ఆరదు. ఆరని దీపం కనబడితే ముందు కేబుల్ తిప్పి పెట్టి చూడమని పాత మెకానిక్కులు అనేది ఇందుకే.

1981లో ఐబీఎం తన పీసీ తెచ్చినప్పుడు ఇందులో ఒక చమత్కారం చేసింది. రెండు డ్రైవులుంటే ఎవరిని పిలుస్తున్నామో తెలియాలి కదా. అందుకు ప్రతి డ్రైవు మీదా జంపర్ అనే చిన్న బిళ్లను మార్చి "నువ్వు మొదటివాడివి, నువ్వు రెండోవాడివి" అని చెప్పుకోవాలి. ఐబీఎం ఈ తలనొప్పి లేకుండా రెండు డ్రైవులనూ "రెండోవాడు"గానే పెట్టి, కేబుల్ చివరి కనెక్టర్‌కు ముందు 10 నుంచి 16 వరకు ఏడు తీగలను కోసి, ఆ పట్టీని అలాగే బోర్లా తిప్పేసింది. 10వ తీగ 16 చోటికి, 12వ తీగ 14 చోటికి పోతాయి. నడిమి 13 అక్కడే ఉంటుంది. 11, 15 తారుమారైనా రెండూ గ్రౌండే కాబట్టి నష్టం లేదు. మోటారు తిప్పు, నిన్నే పిలుస్తున్నాను అనే సంకేతాలు మాత్రం చివరి డ్రైవుకు మారి అందుతాయి. అలా చివరనున్నది ఎ, మధ్యలోది బి.

నా యంత్రంలో ఎ మౌనంగా ఉండి, బి పిలుపుకు ఇద్దరూ పలుకుతున్నారంటే మెలిక లేదని అర్థం. ఇది తట్టగానే కేబుల్ చూశాను. చివర మెలిక ఉంది! కళ్లకు కనబడుతున్న మెలికను కాదనలేక కంట్రోలర్ కార్డును అనుమానించాను. ఒక రోజు దానికి పోయింది.

మూడో రోజు మధ్య డ్రైవును ఊడదీసి, చివరి దాన్ని ఒక్కదాన్నే ఉంచాను. మాస్టారి డిస్కుల మీద ప్రయోగాలు చేయకూడదు కాబట్టి ఎందుకూ పనికిరాని పాత ఫ్లాపీ ఒకటి పెట్టాను. బి అని పిలిస్తే దీపం వెలిగింది, మోటారు తిరిగింది, హెడ్డు వెనక్కి జరిగి గోడకు తల కొట్టుకున్నట్టు టకటకమని ఆగకుండా మోగింది. తర్వాత ఎర్రర్. ఫ్లాపీకి పక్కన చిన్న గాడి ఉంటుంది, దాని మీద స్టిక్కర్ అంటిస్తే ఆ డిస్కు మీద రాయడం కుదరదు. జాగ్రత్త కోసం అది అంటించి మళ్లీ పెట్టాను. ఈసారి టకటకలు లేవు. ఫైళ్ల జాబితా చక్కగా తెర మీదికి వచ్చింది. మాస్టారికి ఫోను చేసి "అయిపోయింది సార్" అని చెప్పేశాను కూడా.

మర్నాడు పొద్దున అదే డిస్కు, అదే స్టిక్కర్. ఎర్రర్.

రాయకూడదని చెప్పే స్టిక్కర్‌కూ హెడ్డు కదలికకూ సంబంధం ఏమిటి? ఉండకూడదు. ఉండకూడని సంబంధం కనిపించిందంటే ఎక్కడో రెండు తీగలు తారుమారయ్యాయి. అప్పుడు మల్టీమీటర్ మొనకు గుండుసూది కట్టి, నోటుబుక్కులో 34 గీతలు గీసి, కేబుల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కో తీగా బీప్ విని రాసుకోవడం మొదలుపెట్టాను. డ్రైవు వైపు కనెక్టర్‌లో బేసి పిన్నులు ఒక ముఖాన, సరివి రెండో ముఖాన ఉంటాయి. మధ్యలో లెక్క తప్పి రెండుసార్లు మొదటికి వచ్చాను. 10 నుంచి 16 వరకు తిన్నగా పోయాయి. 24 తిన్నగా పోయింది. 26 వద్ద బీప్ లేదు. సూదిని పక్కకు జరిపితే 28 వద్ద మోగింది.

మెలిక ఉంది, కానీ ఉండాల్సిన చోట లేదు. 25 నుంచి 29 వరకు అయిదు తీగలు తిరగబడి ఉన్నాయి. అది ఫ్లాపీ కేబులే కాదు. ఆ కాలపు హార్డ్ డిస్కులకూ 34 తీగల కంట్రోలు కేబుల్ ఉండేది. అదే వెడల్పు, అదే కనెక్టర్, రెండు డిస్కులు కట్టేందుకు దాని చివరా ఒక మెలిక. తేడా ఒక్కటే, మెలిక పడే చోటు. ఎర్ర గీత ఉన్న అంచు నుంచి తీగలు లెక్కపెడితే తప్ప తెలియదు. అటెండరు చెప్పిన పట్టీ ఇదే.

ఫ్లాపీ డ్రైవులో 26వ తీగ "హెడ్డు మొదటి వలయం మీద ఉంది" అని చెప్పేది. 28వ తీగ "ఈ డిస్కు మీద రాయకూడదు" అని చెప్పేది. రెండూ తారుమారైతే ఏమవుతుంది? స్టిక్కర్ లేని డిస్కు పెడితే, హెడ్డు నిజంగా మొదటి వలయానికి చేరినా కంట్రోలర్‌కు ఆ కబురు అందదు. ఇంకా వెనక్కి, ఇంకా వెనక్కి అని నెడుతూనే ఉంటుంది. అదే ఆ టకటక. స్టిక్కర్ ఉన్న డిస్కు పెడితే, రాయకూడదన్న కబురు "మొదటి వలయానికి చేరాను" అన్నట్టు వినిపిస్తుంది. హెడ్డు ఎక్కడున్నా అదే మొదటి వలయమని కంట్రోలర్ నమ్మేస్తుంది. ముందు రోజు టకటకల పుణ్యమా అని హెడ్డు నిజంగానే మొదటి వలయం మీద ఉంది కాబట్టి జాబితా వచ్చింది. రాత్రి చివరగా చదివిన ఫైలు దగ్గర హెడ్డు ఆగిపోయింది కాబట్టి పొద్దున రాలేదు. ఇంత చిన్న తప్పు, ఇంత నమ్మించే అబద్ధం. పాత యంత్రం "అప్పుడప్పుడూ పనిచేస్తుంది" అని ఎవరైనా అంటే ఇప్పుడు నాకు ముందు తీగలే గుర్తొస్తాయి.

కోఠి గుజరాతీ గల్లీలో 34 తీగల రిబ్బన్ మీటర్ల లెక్కన దొరికింది. డ్రైవు వైపు కనెక్టర్లు దొరకలేదు, పాత కేబుల్ నుంచే జాగ్రత్తగా ఊడదీసి బెంచ్ వైస్‌లో మళ్లీ నొక్కాను. ఈసారి 10 నుంచి 16. రెండు డ్రైవులూ ఎవరి పేరుకు వాళ్లు పలికాయి. వేగం కూడా సరిచూడాలి, నిమిషానికి 300 చుట్లు. అందుకు డ్రైవు అడుగున తిరిగే చక్రం మీదే గీతల వలయం అచ్చు వేసి ఉంది. మన 50 హెర్ట్జ్ కరెంటుకు ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. చక్రం సెకనుకు 5 చుట్లు. అంటే ఒక్కో మిణుకుకు చుట్టులో ఇరవయ్యో వంతు. కాబట్టి వలయంలో 20 గీతలుంటే, వేగం సరైనప్పుడు అవి కదలకుండా నిలిచినట్టు కనిపిస్తాయి. ల్యాబులో అన్నీ ఎల్ఈడీలు పెట్టేశారు, వాటి కింద ఈ ఉపాయం పారలేదు. చోకు ఉన్న పాత ట్యూబ్‌లైటు వెతుక్కుంటూ డ్రైవును పట్టుకుని వరండాలోకి వెళ్లాల్సి వచ్చింది.

ఇదంతా పాత సామాను మీది మోజు అనుకునేవారు ఉంటారు. యూఎస్‌బీకి తగిలించి ఫ్లాపీ మీది అయస్కాంత మార్పులను నేరుగా నమోదు చేసే చిన్న బోర్డులు వచ్చాయి కదా, ఈ తిప్పలెందుకు అని ఒక మిత్రుడు అడిగాడు. నిజమే, పాడైన మూడు డిస్కులకు నేనూ చివరికి అలాంటి బోర్డే వాడాను. అయితే ఆ బోర్డును డ్రైవుకు కలపాల్సింది ఆ 34 తీగలతోనే. 26 ఏదో 28 ఏదో తెలియనివాడికి అదీ పనిచేయదు.

ఇంకో పెద్ద ఉదాహరణ ఉంది. 1966, 67 సంవత్సరాల్లో అమెరికా పంపిన అయిదు లూనార్ ఆర్బిటర్ నౌకలు అపోలో దిగాల్సిన చోట్ల కోసం చంద్రుణ్ణి ఫొటోలు తీశాయి. ఆ సంకేతాలను భద్రపరిచిన టేపులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. చదివే యాంపెక్స్ ఎఫ్ఆర్-900 యంత్రాలే లేకుండాపోయే పరిస్థితి. నాసాలో పనిచేసిన నాన్సీ ఇవాన్స్ అనే ఆవిడ వాటిని పారేయనివ్వక ఏళ్ల తరబడి తన ఇంటి గ్యారేజీలో ఉంచుకున్నారు. చివరికి నాసా ఏమ్స్ కేంద్రం ఆవరణలో, మూతపడిన ఒక మెక్‌డొనాల్డ్స్ హోటలు భవనంలో వాటిని బాగుచేసి, చంద్రుడి అంచు మీదుగా భూమి కనిపించే 1966 నాటి చిత్రాన్ని 2008లో మునుపెన్నడూ చూడనంత స్పష్టంగా వెలికితీశారు. అంత సంస్థకే గ్యారేజీ దిక్కయింది. మన విభాగాల్లో ఆ గ్యారేజీ కూడా ఉండదు.

నేను తప్పును కనుక్కోగలగడానికి అసలు కారణం వేరే ఉంది. ఏ తీగ ఏమిటో ఎక్కడో అచ్చయి ఉంది. ఐబీఎం తన మొదటి పీసీకి టెక్నికల్ రిఫరెన్స్ పుస్తకం వేసి, సర్క్యూట్ పటాలతో సహా అందులో పెట్టింది. పోటీదారులు కాపీ కొడతారని తెలియదా? తెలిసే ఉంటుంది, కొట్టారు కూడా. అలా కొట్టిన వాటిలో ఒకటే మా మాస్టారి యంత్రం. అదే ల్యాబులో దాని పక్కనున్న కొలత పరికరానికి వెనక ఒక గుండ్రటి కనెక్టర్ ఉంది. కంపెనీ ఎప్పుడో మూతపడింది, మాన్యువల్ లేదు, ఏ పిన్ను ఏమిటో చెప్పగలిగేవారు లేరు. దాని విషయంలో నా గుండుసూదికి చేయగలిగింది ఏమీ లేదు. ఏ చివర నుంచి ఏ చివరకు తీగ పోయిందో మీటరు చెబుతుంది, ఆ తీగ ఏం మాట్లాడుతుందో చెప్పదు.

మరమ్మతు హక్కు గురించి మన దేశంలో మాట మొదలైంది. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఒక కమిటీని వేసి నాలుగు రంగాలను ఎంచుకుంది: వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు-ట్యాబ్లెట్లు, ఇంటి ఉపకరణాలు, వాహనాలు. మరమ్మతు సమాచారం కోసం అదే ఏడాది ఒక పోర్టల్ కూడా తెరిచింది. మంచిదే. ప్రయోగశాల పరికరాలు మాత్రం ఆ నాలుగింటిలో లేవు. అదే 2022లో వచ్చిన ఈ-వ్యర్థాల నియమాల జాబితాలో ప్రయోగశాల పరికరాలు ఉన్నాయి! అంటే వాటిని పారేసేటప్పుడు ఏం చేయాలో మనకు నియమం ఉంది, బాగుచేసుకోవడానికి లేదు.

ప్రజల సొమ్ముతో కొనే ప్రతి పరికరానికీ కనెక్టర్ల పిన్నుల వివరాలు, సర్వీసు మాన్యువల్ ఇచ్చి తీరాలని టెండర్లో ఒక షరతు పెట్టవచ్చు. కంపెనీలు రహస్యాలంటాయి. చిప్పు లోపలి రహస్యం వాళ్ల దగ్గరే ఉంచుకోమనండి, బయటికి వచ్చే తీగ పేరు చెప్పడానికేం? కండెమ్ ఫైలులో కూడా ఒక కాగితం చేర్చాలి: పరికరం లోపలి ఫొటోలు, కేబుళ్ల పట్టిక, దానితో తీసిన డేటా ఎక్కడుందో ఒక వాక్యం. ఆ యంత్రాన్ని వాడిన మనిషి అటెండరో మాస్టారో ఇంకా అందుబాటులో ఉన్నప్పుడే అది రాయించాలి. ఒక పూట పని.

మా చదువు మీద కూడా నాకు ఒక ఫిర్యాదు ఉంది. ఇంటర్ నుంచి మీటర్ బ్రిడ్జి, పొటెన్షియోమీటర్ చేస్తూనే వచ్చాం. జవాబు రికార్డు బుక్కులో ముందే ఉండేది. తెలియని కేబుల్ ఒకటి చేతిలో పెట్టి "ఇది ఏమిటో కనుక్కో" అని ఎవరూ అడగలేదు. అలాంటి ప్రాక్టికల్ ఒక్కటి చేసి ఉంటే, మెలిక కనబడగానే సరైన మెలికే అని నేను అనుకునేవాణ్ని కాదు.

ఫైళ్లను కొత్త ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించడానికి సీరియల్ పోర్టు వాడాం. అక్కడా 2, 3 తీగలు అడ్డంగా మారాలి, ఒకరు మాట్లాడేది రెండోవారు వినాలి కాబట్టి. సెకనుకు 960 బైట్ల చొప్పున నిండు డిస్కుకు ఆరున్నర నిమిషాలు. 23లో 19 పూర్తిగా వచ్చాయి, మూడు ఆ బోర్డు సాయంతో ముక్కలు ముక్కలుగా వచ్చాయి, ఒకదాని మీద బూజు పట్టి ఏమీ రాలేదు.

ఫైళ్లు తెరిస్తే నాలుగు నిలువు వరసల అంకెలు. పైన శీర్షికల్లేవు. విద్యార్థిని మూడో వరసను ఉష్ణోగ్రత అనుకుని గ్రాఫు గీసింది, ఏదో తేడాగా వచ్చింది. మాస్టారికి చూపిస్తే కళ్లద్దాలు సవరించుకుని నవ్వారు. "అది ఉష్ణోగ్రత కాదమ్మా, థర్మోకపుల్ మిల్లీవోల్టులు. డిగ్రీల్లోకి మార్చే పట్టిక నా నోటుబుక్కులో ఉంది. అటక మీద ఉండాలి." ఆ ఆదివారం ఆ అమ్మాయి నిచ్చెన వేసుకుని వాళ్లింటి అటక ఎక్కింది. కింద నిచ్చెన పట్టుకుని మాస్టారు, ఆకుపచ్చ అట్ట అని చెబుతూ.